గ్రీకు మూలాల ఇంగ్లీషు మాటలు: తోక పట్టుకుని విప్పే పద్ధతి

డెంగీ రోజుల్లో రక్తపరీక్ష రిపోర్టు మీద ‘థ్రాంబోసైటోపీనియా’ అని ఉంటుంది. ఇంగ్లీషు ధారాళంగా చదివేవాళ్లు కూడా అక్కడ తడబడతారు. ముందు నుంచి కూడబలుక్కుంటే ఆ మాట లొంగదు, చివరి నుంచి రావాలి. ‘పీనియా’ అంటే లేమి. ‘సైటో’ అంటే కణం. ‘థ్రాంబో’ అంటే నెత్తుటి గడ్డ. నెత్తురు గడ్డకట్టించే కణాలకు లేమి వచ్చిందని అర్థం. ఇంటికొచ్చి అందరికీ చెప్పే మాటలో అయితే, ప్లేట్‌లెట్లు పడిపోయాయి.

వైద్యం, రసాయన శాస్త్రం, రాజనీతి, బ్యాంకు పరీక్షల్లో వన్ వర్డ్ సబ్‌స్టిట్యూషన్, అమెరికా చదువుకు రాసే జీఆర్‌ఈ, ఎక్కడ చూసినా పొడుగాటి మాటల్లో గ్రీకు ముక్కలు తగులుతూనే ఉంటాయి. వీటిలో చాలామటుకు పాత గ్రీసులో ఎవరూ పలికినవి కావు. కొత్త పరికరమో, కొత్త జబ్బో, కొత్త ఊహో కనిపించినప్పుడల్లా యూరప్ పండితులు గ్రీకు ముక్కలు అతికించి చేసుకున్నవి. ఫ్రెంచి వైద్యుడు లెనెక్ 1816లో గుండె చప్పుడు వినడానికి గొట్టం తయారుచేసి, ఛాతీకి గ్రీకు మాట ‘స్టెథాస్’ తీసుకుని దానికి ‘స్కోప్’ తగిలించి స్టెతస్కోప్ అన్నాడు. వినే పరికరానికి చూసే తోక ఏమిటని అడగొచ్చు. ‘స్కోప్’కు పరిశీలించడం అన్న అర్థమూ ఉంది కాబట్టి చెల్లిపోయింది. అతికించి చేసిన మాటలు కాబట్టే విప్పడం కూడా తేలిక.

చివర, మొదలు, మధ్య

చదివే వరస ఇది. చివరి ముక్క ‘ఏమిటి’ అన్నది చెబుతుంది. మొదటి ముక్క ‘ఎక్కడ, ఎంత, ఎలా’ అన్నది చెబుతుంది. మధ్య ముక్క ‘దేనికి’ అన్నది చెబుతుంది. తత్పురుష సమాసం తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. ‘రాజభవనం’లో ముఖ్యమైనది భవనమే కదా.

‘పెరికార్డైటిస్’ తీసుకోండి. చివర ‘ఐటిస్’, వాపు. మొదట ‘పెరి’, చుట్టూ. మధ్యలో ‘కార్డి’, గుండె. గుండె చుట్టూ ఉండే పొరకు వాపు. కడుపు స్కాన్ రిపోర్టుల్లో తరచూ కనిపించే ‘హెపటోస్ప్లీనోమెగాలీ’లో ముందు ముక్క ఉండదు, రెండు అవయవాలుంటాయి. ‘మెగాలీ’ పెద్దదవడం, ‘హెపటో’ కాలేయం, ‘స్ప్లీనో’ ప్లీహం. కాలేయం, ప్లీహం రెండూ ఉబ్బాయన్నమాట.

మొదటి వారం తోకలు మాత్రమే పట్టండి. లాజీ అంటే చర్చ, శాస్త్రం. గ్రఫీ రాయడం, నమోదు చేయడం. మెట్రీ కొలవడం. నమీ నియమం. స్కోపీ చూడటం. క్రసీ బలం, దాన్నుంచి పాలన. ఆర్కీ అధికారం. ఫోబియా భయం. ఫిలియా ఇష్టం. పతీ బాధ, జబ్బు. ఆల్జియా నొప్పి. ఈమియా రక్తం. ఈ పన్నెండూ వస్తే తెలియని మాట ఎదురైనా అది ఏ జాతిదో చెప్పగలుగుతారు. నాస్టాల్జియా అన్నది 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విట్జర్లాండ్ వైద్య విద్యార్థి తన సిద్ధాంత గ్రంథంలో ఒక జబ్బుకు పెట్టిన పేరు. ‘నాస్టాస్’ ఇంటికి తిరిగి వెళ్లడం, ‘ఆల్గాస్’ నొప్పి. ఈ రోజు దాన్ని పాత పాటలు విని మురిసిపోవడానికి వాడుతున్నాం గానీ తోకలో నొప్పి అలాగే ఉంది.

తోకల్లో రెండు గుంపుల దగ్గర మాత్రం నిదానించాలి, పరీక్షల్లో మార్కులు పోయేది ఇక్కడే.

ఒకటి గ్రాఫ్, గ్రామ్, గ్రఫీ. నమోదు చేసే యంత్రం గ్రాఫ్, బయటికొచ్చే కాగితం గ్రామ్, చేసే పని గ్రఫీ. ఆస్పత్రిలో చేతికిచ్చే ఈసీజీ కాగితం ఎలక్ట్రోకార్డియోగ్రామ్. మంచం పక్కన పెట్టే యంత్రం ఎలక్ట్రోకార్డియోగ్రాఫ్. ఫోటోగ్రాఫ్, ఆటోగ్రాఫ్ ఈ నియమానికి లొంగవు. అక్కడ గ్రాఫ్ అంటే చేతికొచ్చే వస్తువే.

రెండోది టమీ, ఎక్టమీ, ఆస్టమీ. ‘టమీ’ అంటే కోయడం, అంతే. దాని ముందు బయటికి అనే ‘ఎక్’ చేరితే ‘ఎక్టమీ’, కోసి తీసేయడం. ‘స్టోమా’ అంటే నోరు, కాబట్టి ‘ఆస్టమీ’ అంటే శరీరంలో కొత్త ద్వారం పెట్టడం. ట్రేకియాటమీ అంటే శ్వాసనాళానికి గాటు పెట్టడం. ట్రేకియాస్టమీ అంటే ఆ గాటులో గొట్టం పెట్టి, ఊపిరి ఆడేలా దారి నిలిపి ఉంచడం. అపెండెక్టమీలో అపెండిక్స్ ఒంట్లో మిగలదు, హిస్టరెక్టమీలో గర్భసంచి మిగలదు. రాతలో తేడా ఒకటి రెండు అక్షరాలే, రోగికి తేడా ఎంతో ఉంది. ఆటమ్‌లో ఉన్నది కూడా ఈ ‘టామ్’ అనే కోతే. కోయడానికి వీల్లేనిది అని పేరు. 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్ ఉన్నట్టు చూపించాక ఆ పేరు అబద్ధమైంది, అయినా ఎవరూ మార్చలేదు.

ముందు ముక్కలు మనకు సగం వచ్చినవే

గ్రీకు, సంస్కృతం ఒకే భాషా కుటుంబం. తెలుగు ఆ కుటుంబానిది కాకపోయినా మనం రోజూ వాడే తత్సమాల్లో ఆ చుట్టరికం కూర్చుని ఉంది. తెలుగువాళ్లకు ఉన్న ఈ సౌలభ్యాన్ని ఇంగ్లీషు మీడియం పుస్తకాలు వాడుకోవు.

కాదు అనే ‘అ’తో మొదలుపెట్టండి. న్యాయం కానిది అన్యాయం, అర్హత లేనిది అనర్హత. హల్లు ముందు ‘అ’, అచ్చు ముందు ‘అన్’. గ్రీకులోనూ అక్షరాలా ఇదే సూత్రం. ‘థియాస్’ హల్లుతో మొదలైంది కాబట్టి ఎథీయిస్ట్. ‘ఆర్కీ’ అచ్చుతో మొదలైంది కాబట్టి అనార్కీ. ‘ఆనిమ్’ అంటే పేరు, కాబట్టి పేరు లేనిది అనానిమస్. అన్నట్టు ఆ ‘ఆనిమ్’, మన ‘నామం’ కూడా చుట్టాలే.

హైపర్, హైపో అందరినీ తికమక పెడతాయి. ‘ఉపరితలం’, ‘ఉపముఖ్యమంత్రి’ గుర్తుంచుకుంటే చాలు. ఉపరి అంటే పైన, అదే హైపర్. ఉప అంటే కింది స్థాయి, అదే హైపో. గ్రీకులో మాట మొదట ఈ ‘ఉ’ అనే అచ్చు వస్తే ముందు హకారం తప్పదు, అందుకే ‘హ’ వచ్చి చేరింది. షుగర్ పడిపోతే హైపోగ్లైసీమియా, పెరిగితే హైపర్‌గ్లైసీమియా. ఈ రెంటికీ చికిత్స పూర్తిగా వేరు, కాబట్టి దీన్ని అనుమానం లేకుండా నేర్చుకోవాలి.

పరిధి, పరిసరాల్లో ఉన్న ‘పరి’యే పెరిమీటర్‌లో ‘పెరి’. దుర్గంధంలో ‘దుర్’, డిస్‌లెక్సియాలో ‘డిస్’ ఒకటి. మన సకారం ఉన్నచోట గ్రీకులో తరచూ హకారం ఉంటుంది. సప్త, హెప్టా. సమ, హోమో. పంచ పెంటా అయింది, అష్ట ఆక్టో, దశ డెకా. కొత్త అనే అర్థంలోని నవ, నియో. దంతం ఆర్థోడాంటిస్ట్‌లో ఉంది, పాదం ట్రైపాడ్‌లో, చక్రం సైకిల్‌లో, జ్ఞానం డయాగ్నసిస్‌లో, జననం హైడ్రోజన్‌లో. చెమటను ఘర్మజలం అంటామే, ఆ ఘర్మానికి వేడి అని అర్థం. థర్మామీటర్‌లో ‘థర్మ్’ అదే.

కానీ పోలిక కనిపించిందల్లా చుట్టరికం కాదు. ‘థియాస్’, ‘దేవ’ అన్నవి అర్థంలోనూ ధ్వనిలోనూ ఎంత దగ్గరగా ఉన్నా వాటికి సంబంధం లేదని భాషా శాస్త్రవేత్తలు తేల్చారు. గుర్తు పెట్టుకోవడానికి వాడుకుంటే తప్పులేదు, జవాబుపత్రంలో రాయొద్దు.

‘సిన్’ అనే ముందు ముక్క కూడా చెప్పుకోవాలి, అది వేషాలు మారుస్తుంది. కలిసి, తోడుగా అని అర్థం. పకార, బకార, మకారాల ముందు ‘సిమ్’ అవుతుంది: సింపథీ, సింబయాసిస్, సిమెట్రీ. లకారం ముందు ‘సిల్’: సిలబుల్. సిస్టమ్‌లో ఉత్త ‘సి’ మాత్రమే మిగులుతుంది. ఇది సంధే, మరేం కాదు. సిమెట్రీ స్పెల్లింగులో రెండు ఎమ్‌లు ఎందుకున్నాయో కూడా దీనితో తెలిసిపోతుంది. ఒకటి సిన్‌ది, రెండోది మెట్రీది.

మధ్యలో అతుకు

రెండు ముక్కల మధ్య గ్రీకు మాటలు ‘ఓ’ పెట్టుకుంటాయి. గ్యాస్ట్ర్ అంటే కడుపు. స్కోపీ హల్లుతో మొదలవుతుంది కాబట్టి మధ్యలో ‘ఓ’ వేసి గ్యాస్ట్రోస్కోపీ. ఐటిస్ అచ్చుతో మొదలవుతుంది కాబట్టి ‘ఓ’ పోయి గ్యాస్ట్రైటిస్. రెండు అవయవాల పేర్లు కలిసినప్పుడు మాత్రం అచ్చు ఉన్నా ‘ఓ’ నిలబడుతుంది: గ్యాస్ట్రోఎంటరైటిస్. లాటిన్ మాటలకు ఈ అతుకు ‘ఐ’ అక్షరం. హెర్బిసైడ్, పెస్టిసైడ్‌లలో కనిపించేది అదే.

ఈ ‘ఓ’ వల్లే చాలామంది తోకను ‘ఆలజీ’ అనుకుంటారు. తోక ‘లాజీ’ మాత్రమే, ‘ఓ’ అతుకు. ఆ సంగతి తెలియక మినరాలజీ, జీనియాలజీ మాటలను ఓ అక్షరంతో రాసి తప్పు చేస్తారు. మినరల్, జీనియా అన్నవాటిలో అప్పటికే ‘ఎ’ ఉంది, కాబట్టి రెండింటిలోనూ లాజీ ముందు రాయాల్సింది ‘ఎ’. స్పెల్లింగు పోటీలకు తయారయ్యేవాళ్లు ఈ రెండు మాటలనూ విడిగా రాసి పెట్టుకోవాలి.

ఒక్క మూలం చాలు, కుటుంబం మొత్తం వస్తుంది

అక్షరక్రమంలో వేసిన మూలాల జాబితా పట్టుకుని కూర్చుంటే ‘ఎ’ దాటేలోగా విసుగొస్తుంది. కుటుంబాలుగా నేర్చుకోవాలి. ‘ఎర్గాన్’ అనే మూలం చూడండి, పని అని అర్థం. ఎనర్జీ అంటే పనిలో ఉండటం. సినర్జీ కలిసి పనిచేయడం. ఎర్గనామిక్స్ పనికి తగ్గట్టు కుర్చీ, బల్ల అమర్చే శాస్త్రం. మెటలర్జీ లోహాల పని. అలర్జీ అన్నది 1906లో ఆస్ట్రియా వైద్యుడు పిర్కే పెట్టిన పేరు. ‘అల్లాస్’ అంటే వేరే, ఒళ్లు మామూలుగా కాకుండా వేరేగా పనిచేయడం. సర్జరీలో కూడా ఎర్గాన్ ఉంది, కానీ ఫ్రెంచి మీదుగా వచ్చేసరికి నలిగి గుర్తుపట్టలేనట్టు అయింది. మొదట అది ‘ఖైర్’, ‘ఎర్గాన్’, అంటే చేతి పని. చివరికి జార్జ్ అనే పేరు కూడా ఇదే: ‘గే’ నేల, ‘ఎర్గాన్’ పని. నేల పని చేసేవాడు, రైతు.

ఆర్గాన్ వాయువు కూడా ఈ ఇంటిదే. ముందు ‘అ’ చేరింది, పని లేనిది, సోమరి. దేనితోనూ కలవదని ఆ పేరు. 1894లో రేలీ, రామ్సే దాన్ని కనుక్కున్నారు. నాలుగేళ్లకు రామ్సే, ట్రావర్స్ మరో మూడింటిని పట్టుకుని వాటికీ గ్రీకు పేర్లే పెట్టారు. నియాన్ కొత్తది, క్రిప్టాన్ దాగినది, జెనాన్ పరాయిది. ఇలా నేర్చుకుంటే జడవాయువుల వరస ఎవరూ మరిచిపోరు. క్రిప్టాన్ తెలిస్తే క్రిప్టోగ్రఫీ దానంతటదే వస్తుంది. జెనాన్ తెలిస్తే పరాయివాళ్లంటే గిట్టని జీనోఫోబియా వస్తుంది.

వీటికంటే ముందు పేరు పడిన హీలియంకు మన గుంటూరుతో సంబంధం ఉంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి ఖగోళవేత్త జాన్సెన్ గుంటూరు నుంచి వర్ణపటదర్శినితో పరిశీలించాడు. అదే ఏడాది ఇంగ్లండులో లాక్యర్ సూర్యకాంతిలోని ఒక పసుపు గీత మీద పనిచేసి, అది తెలియని మూలకానిదని తలచాడు. సూర్యుడికి గ్రీకు మాట ‘హీలియాస్’, ఆ పేరే మూలకానికి స్థిరపడింది. భూమి మీద ఆ వాయువు రామ్సేకు దొరికింది 1895లో. హీలియం దగ్గర పెట్టుకుని నేర్వాల్సిన మాటలు హీలియోట్రోప్ (సూర్యుడి వైపు తిరిగే మొక్క), హీలియోసెంట్రిక్ (సూర్యుడు కేంద్రంగా ఉన్నది), పెరిహీలియన్ (కక్ష్యలో సూర్యుడికి అతి దగ్గరి చోటు).

పప్పులో కాలేసే చోట్లు

ఒకేలా కనిపించే మూలాలు ముందు. ‘పెడ్’ మూడు దారుల్లో వస్తుంది. పీడియాట్రిక్స్, ఆర్థోపెడిక్స్‌లలో పిల్లలు. ఆర్థోపెడిక్స్ అనే పేరు 1741లో నికొలా ఆంద్రీ పెట్టినప్పుడు పిల్లల వంకరలు సరిచేయడమనే అర్థం. పెడల్, పెడస్ట్రియన్‌లలో లాటిన్ పాదం. పోడియం, ట్రైపాడ్‌లలో గ్రీకు పాదం. దీనికి మన దేశంలో వాడే బ్రిటిష్ స్పెల్లింగు సాయపడుతుంది. పిల్లలకు సంబంధించిన పీడియాట్రిక్స్‌లో పి తర్వాత ఎ, ఇ రెండూ రాస్తాం, పాదానికి ఉత్త ఇ. అమెరికా స్పెల్లింగులో ఎ తీసేస్తారు కాబట్టి అక్కడ ఈ ఆనవాలు ఉండదు. అనీమియా, హీమోగ్లోబిన్, డయేరియాలకూ ఇలాంటి తేడాయే. ఏ పరీక్షకు ఏ పద్ధతో చూసుకుని, ఒకే కాగితంలో రెండూ కలపకుండా ఉంటే సరిపోతుంది.

‘పాలీ’ కూడా అంతే. పాలిగాన్‌లో పాలీ అంటే అనేకం. మోనోపలీలో ఉన్నది అది కాదు, అమ్మడం అనే వేరే గ్రీకు మాట: ఒక్కడే అమ్మడం. మెట్రోపాలిస్‌లో పాలిస్ అంటే నగరం, ముందున్న మెట్రో మన ‘మాతృ’కు చుట్టం. కాబట్టి మెట్రో రైలులో మెట్రోకు, కొలిచే మీటరుకు ఏ సంబంధమూ లేదు. హోమోజీనియస్‌లో హోమో గ్రీకు, ‘సమ’ అని. హోమోసేపియన్స్‌లో హోమో లాటిన్, మనిషి అని.

ఇక తప్పుగా విరవడం. డయలాగ్ అంటే ఇద్దరి మాటలని నూటికి తొంభై మంది చెబుతారు. ఇద్దరు అనే ‘డై’ కాదు అది, గుండా, మధ్యగా అనే ‘డయా’. పదిమంది మాట్లాడుకున్నా డయలాగే. హెలికాప్టర్‌ను హెలీ, కాప్టర్ అని విరుస్తారు. నిజానికి అది ‘హెలికో’, ‘టెర్’: మెలి తిరిగే రెక్క. ఆ రెక్క టెరడాక్టిల్ అనే పాతకాలపు ఎగిరే సరీసృపం పేరులోనూ ఉంది. అనాటమీలో ‘అన్’ లేదు, ‘ఆటమ్’ అసలే లేదు. ‘అనా’, ‘టమీ’, అంతటా కోసి విప్పి చూడటం. పారాసైట్‌లో ‘పారా’ గ్రీకు, పక్కన అని. పక్కన చేరి తినేది. పారాచూట్‌లో ‘పారా’ గ్రీకు కాదు, కాపాడేది అనే అర్థంతో ఇటాలియన్, ఫ్రెంచి భాషల మీదుగా వచ్చింది. యాంటిసిపేట్‌లో ‘యాంటి’ వ్యతిరేకం కాదు, ముందు అనే లాటిన్ ‘యాంటె’ స్పెల్లింగు మారి వచ్చింది.

అర్థం జారిపోయిన మాటలు ఇంకొన్ని. మీటియరాలజీ ఉల్కల శాస్త్రం కాదు, వాతావరణ శాస్త్రం. పైన ఆకాశంలో ఉండేదల్లా పాత గ్రీకుల లెక్కలో మీటియరే. హీమోఫీలియా రక్తం మీద ఇష్టం కాదు, రక్తం కారే తత్వం. హైడ్రోఫోబియాకు వైద్యంలో రేబీస్ అని అర్థం. ఆంథాలజీలో లాజీ శాస్త్రం కాదు, ఏరడం. ‘ఆంథాస్’ పువ్వు, పూలు ఏరి కూర్చినది. మన కవితా సంకలనాలకు ఈ మాట ఎంత అతికిందో చూడండి.

రాత, పలుకు

తెలుగు లిపి పలికినట్టు రాస్తుంది, దాంతో స్పెల్లింగు దాక్కుంటుంది. మనకు ఫోటోలో ‘ఫ’, ఫ్యాన్‌లో ‘ఫ’ ఒకటే. గ్రీకు మాట అని పసిగడితే పి, హెచ్ రాయాలి. ‘క’ వినిపించి గ్రీకు అయితే సి, హెచ్: కెమిస్ట్రీ, కోరస్, క్రానిక్. మధ్యలో ‘ఇ’ లేదా ‘ఐ’ వినిపిస్తే వై రాసే అవకాశం ఎక్కువ: సింబల్, సిస్టమ్, సైకిల్, హైడ్రో. మొదట ఎక్స్ ఉంటే ‘జ’ పలుకు. జిరాక్స్ షాపులో రోజూ వినేదే, ‘జీరాస్’ అంటే పొడి, తడి సిరా లేకుండా తీసే నకలు. మొదట్లో పి పక్కన ఎస్ గానీ ఎన్ గానీ టి గానీ ఉంటే పి మూగది. అదే జంట మాట మధ్యలో వస్తే రెండూ పలుకుతాయి. న్యుమోనియాలో పి వినబడదు, యాప్నియాలో వినబడుతుంది. నెమోనిక్‌లో ఎమ్ మూగది, అదే మూలం ఉన్న అమ్నీషియాలో పలుకుతుంది.

ఆర్, హెచ్ జంట మాట మొదట ఒక్క ఆర్‌తో ఉంటుంది: రిథమ్, రెటరిక్. ముందు అచ్చుతో అంతమయ్యే ముక్క చేరితే సాధారణంగా ఆర్ రెండవుతుంది: డయేరియా, హెమరేజ్. 1999 స్క్రిప్స్ స్పెల్లింగ్ బీలో గెలుపు మాట లోగోరియా, అంటే మాటల విరేచనం. అందులోనూ రెండు ఆర్‌లు, ఒక హెచ్. అదే పోటీలో 2018లో గెలిపించిన కొయినోనియా, 2023లో గెలిపించిన శామ్మోఫైల్ కూడా గ్రీకే. శామ్మోఫైల్ అంటే ఇసుకను ఇష్టపడే జీవి లేదా మొక్క. మొదటి అక్షరం మూగ పి అని ఊహించలేనివాళ్లకు ఆ మాట దక్కదు. అమెరికాలో పిల్లల్ని ఈ పోటీలకు పంపే తెలుగు ఇళ్లలో గ్రీకు మూలాలకు అంత పీట వేసేది ఇందుకే.

క్రసీ తోకలన్నీ సి, వైతో ముగుస్తాయి: డెమోక్రసీ, ఆటోక్రసీ. అలాగే వినిపించే హిపోక్రసీ, ఇడియోసింక్రసీ మాత్రం ఎస్, వై. వాటిలో పాలన లేదు. మొదటిది నాటకమాడటం నుంచి, రెండోది కలయిక అనే ‘క్రాసిస్’ నుంచి వచ్చాయి.

పలకడంలో మనవాళ్ల ఇబ్బంది ఒత్తు. తెలుగులో అన్ని అక్షరాలనూ ఒకే బరువుతో పలుకుతాం, ఇంగ్లీషులో బరువు జరుగుతుంది. లాజీ, గ్రఫీ, మెట్రీ, నమీ, క్రసీలతో ముగిసే మాటల్లో ఒత్తు ఆ తోకకు సరిగ్గా ముందున్న అక్షరం మీద పడుతుంది. ఇక్‌తో ముగిస్తే ఇక్‌కు ముందున్న దాని మీద. ఫోటోగ్రాఫ్‌లో బరువు ‘ఫో’ మీద, ఫొటాగ్రఫీలో ‘టా’ మీద, ఫోటోగ్రాఫిక్‌లో ‘గ్రా’ మీద. ఈ మూడింటినీ వరసగా పదిసార్లు గట్టిగా చదివితే నాలుకకు అలవాటవుతుంది. ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లు డెమోక్రసీ, డెమోక్రాటిక్ జంటను కూడా కలుపుకోవాలి.

బహువచనం సంగతి క్లుప్తంగా: ఫెనామినా, క్రైటీరియా బహువచనాలు. ఏకవచనం ఫెనామినన్, క్రైటీరియన్. క్రైసిస్‌కు క్రైసీజ్, థీసిస్‌కు థీసీజ్. ఆక్టోపస్‌కు ఆక్టోపసెస్ అని రాయండి. ఆక్టోపై అన్నది గ్రీకు మాటకు లాటిన్ తోక.

నోటుబుక్కు ఎలా పెట్టాలి

పేజీకి నాలుగు గడులు గీయండి. మొదటి గడిలో మూలం, రెండో గడిలో తెలుగు అర్థం, మూడో గడిలో మీకు ముందే తెలిసిన మాట ఒకటి, నాలుగో గడిలో కొత్త మాటలు రెండు. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ మూలాన్ని ఆ రోజుకు వదిలేయండి, పట్టు లేకుండా నేర్చింది వారం తిరక్కుండా పోతుంది. రోజుకు నాలుగు మూలాలు, వారానికి ఐదు రోజులు. ఆరు వారాల్లో 120 అవుతాయి, మామూలు పోటీ పరీక్షకు అంతకంటే అక్కర్లేదు. నేర్చిన మర్నాడు ఒకసారి, మూడో రోజు, వారానికి, మూడు వారాలకు మళ్లీ చూడాలి. చూసేటప్పుడు అర్థం గడిని చేత్తో మూసి చెప్పాలి, ఊరికే చదివితే అన్నీ వచ్చినట్టే అనిపిస్తుంది.

రోజూ ఇంగ్లీషు పేపర్లో తెలియని మాట ఒకటి పట్టుకోండి. నిఘంటువు తెరవకముందే గీతలు పెట్టి విరిచి, మీ ఊహ తెలుగులో రాయండి. ఆ తర్వాత నిఘంటువులో అర్థం, కింద ఉండే పుట్టుక వివరం రెండూ చూడండి. ఊహ తప్పితే దాన్ని కొట్టేయకుండా పక్కనే ఉంచి, ఎక్కడ తప్పు విరిచారో ఎర్ర సిరాతో గీయండి. మీరు ఏ రకం పొరపాటు ఎక్కువ చేస్తున్నారో పది పదిహేను మాటల్లో తెలిసిపోతుంది.

కసరత్తుకు మూడు. నెఫ్రోలిథియాసిస్: చివర ‘యాసిస్’ జబ్బు స్థితి, ‘నెఫ్రో’ మూత్రపిండం, ‘లిథ్’ రాయి. కిడ్నీలో రాళ్లు. మిసాంథ్రోప్: ‘మిస్’ ద్వేషం, ‘ఆంథ్రోప్’ మనిషి. మనుషులంటే పడనివాడు. మూడోది ఫిలాటెలీ. ‘ఫిల్’ ఇష్టం, ‘టెలీ’ దూరం, దూరం నుంచి వచ్చే ఉత్తరాలంటే ఇష్టం అని విరిచారా? అర్థం దగ్గరికొచ్చింది గానీ విరుపు తప్పు. 1864లో ఎర్పాన్ అనే ఫ్రెంచి సేకర్త చేసిన మాట ఇది. ‘ఫిల్’ తర్వాత ఉన్నది ‘అటెలియా’: కాదనే ‘అ’, పన్ను అనే ‘టెలాస్’. సుంకం లేనిది. బిళ్ల అంటించి ఉంటే ఉత్తరం అందుకునేవాడు డబ్బు కట్టనక్కర్లేదు, అందుకని తపాలా బిళ్లల సేకరణకు ఆ పేరు పెట్టాడు. ఇంగ్లీషు స్పెల్లింగులో గీత ‘ఎ’ తర్వాత పెట్టినవాళ్లు దాన్ని ఒక్క అక్షరం వెనక్కి జరపాలి.